ఆంగ్లభాషలో విశేషణము, క్రియావిశేషణము – మన తెలుగు, ఉర్దూ విద్యార్థులకు కొన్ని సూచనలు



కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తరగతి పరీక్షలో 'మా జిల్లా' అను విషయముపై ఆంగ్లమున చిన్న వ్యాసము వ్రాయుమని అడిగినాను. పాలమూరు పల్లెనుండి వచ్చిన ఒక విద్యార్థి తన ప్రాంతపు శ్రామికులను గురించి ఎంతో అభిమానముతో వ్రాసినాడు. దేశములో ఎక్కడ ఆనకట్ట కట్టినను, ఎక్కడ కాలువ త్రవ్వినను పాలమూరు కూలీలు కనిపించుదురని, తన తండ్రి కూడ అట్టివారిలో ఒకరని చెప్పి, చివర ఈ వాక్యముతో ముగించినాడు: 'మై ఫాదర్ వర్క్స్ హార్డ్‌లీ.'

ఆ బాలుని ఉద్దేశము 'మా తండ్రి ఎంతో కష్టపడి పనిచేయును' అని. కాని ఆంగ్లము తెలిసినవారికి ఆ వాక్యము చెప్పునది వేరు: 'మా తండ్రి పనిచేయుట అంతంత మాత్రమే' అని. ఎండలో రాళ్ళు మోసి కొడుకును కళాశాలకు పంపిన తండ్రికి ఆ కొడుకే తెలియక సోమరి అను పేరు తెచ్చిపెట్టినాడు. అందులకు కారణమైనది పదము చివర చేరిన 'లీ' అను చిన్న ప్రత్యయము మాత్రమే.

ఈ పొరపాటు అశ్రద్ధవలన జరిగినది కాదు. శ్రద్ధగా నేర్చుకొన్న ఒక సూత్రమును తగనిచోట ప్రయోగించుటవలన జరిగినది. విశేషణమునకు 'లీ' చేర్చిన క్రియావిశేషణమగునని ఆ విద్యార్థి చదివినాడు. కనుక 'హార్డ్' అను పదమునకు దానిని చేర్చినాడు. మన విద్యార్థులు ఈ రెండు భాషాభాగముల విషయమున చేయు పొరపాట్లలో అనేకము ఇట్టివే. వాటి మూలము మన మాతృభాషలలో ఉన్నది. మన కళాశాలలో తెలుగు మాతృభాషగా గలవారును, ఉర్దూ మాతృభాషగా గలవారును ఒకే బల్లపై కూర్చొని చదువుచున్నారు. వారి పొరపాట్లు కొన్ని వేరు, కొన్ని ఒక్కటే. వాటిని పోల్చి చూపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదటి ప్రశ్న: ఏ పదమునకు?

నామవాచకముయొక్క గాని, సర్వనామముయొక్క గాని గుణమును తెలుపునది విశేషణము. దీనిని ఆంగ్లమున 'ఆడ్జెక్టివ్' అనియు, ఉర్దూ వ్యాకరణమున 'సిఫత్' అనియు అందురు. క్రియ ఎట్లు, ఎప్పుడు, ఎక్కడ, ఎంతగా జరిగినదో తెలుపునది క్రియావిశేషణము. దీనికి ఆంగ్లమున 'ఆడ్వెర్బ్' అనియు, ఉర్దూలో 'ముతఅల్లిఖ్ ఫేల్' అనియు పేరు. ఆంగ్లమున ఆడ్వెర్బ్ క్రియకే కాక, ఒక విశేషణమునకు గాని, మరియొక ఆడ్వెర్బునకు గాని కూడ అన్వయించును.

మన ప్రాంతమునకు చెందిన ఒక ఉదాహరణము తీసికొందము. సురవరము ప్రతాపరెడ్డిగారు పాలమూరు జిల్లావారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించినారు. తెలంగాణమున కవులే లేరన్న మాటకు సమాధానముగా 354 మంది కవుల రచనలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించినారు. వారిని గురించి ఆంగ్లమున 'హి వాజ్ ఎ పేషంట్ ఎడిటర్' అని వ్రాసిన, 'పేషంట్' అను పదము 'ఎడిటర్' అను నామవాచకమునకు చెందును. కనుక అది విశేషణము. 'హి పేషంట్‌లీ కలెక్టెడ్ ద పోయెమ్స్' అని వ్రాసిన, ఓపిక చూపినది సేకరించుటలో. 'పేషంట్‌లీ' అను పదము క్రియకు చెందినది. కనుక అది క్రియావిశేషణము. 'హి వాజ్ ఎ రిమార్కబ్లీ పేషంట్ ఎడిటర్' అనిన, 'రిమార్కబ్లీ' అను పదము 'పేషంట్' అను విశేషణముయొక్క పరిమాణమును తెలుపుచున్నది. కనుక అదియు ఆడ్వెర్బే.

కాబట్టి ఒక పదము వ్రాయుటకు ముందు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పదము ఏ పదమునకు చెందినది? ఈ ప్రశ్నను విడువకుండ పట్టుకొన్నవానికి మిగిలిన సూత్రములు సులభముగా లొంగును.

తెలుగు విద్యార్థికి ఎదురగు చిక్కు: 'గా' ప్రత్యయము

తెలుగులో 'అందము' అను పదమునకు 'అయిన' చేర్చి 'అందమైన పువ్వు' అందుము. 'గా' చేర్చి 'అందముగా పాడినది' అందుము. ఇంతవరకు ఆంగ్లముతో చక్కగా సరిపోవును. 'అందమైన' అనిన 'బ్యూటిఫుల్'. 'అందముగా' అనిన 'బ్యూటిఫుల్లీ'. కావున తెలుగులోని 'గా' ఆంగ్లములోని 'లీ' ఒక్కటే అని మన విద్యార్థి మనస్సులో స్థిరపడిపోవును. చిక్కు ఇక్కడనే మొదలగును.

ఏలయన తెలుగులో 'పువ్వు అందముగా ఉన్నది' అని కూడ అందుము. ఇక్కడ అందము ఉండుట అను క్రియకు చెందినది కాదు, పువ్వునకు చెందినది. తెలుగు దీనికిని 'గా' ప్రత్యయమునే వాడును. ఆంగ్లము మాత్రము ఇచట విశేషణమునే కోరును. 'ద ఫ్లవర్ ఈజ్ బ్యూటిఫుల్' అనవలెను గాని 'బ్యూటిఫుల్లీ' అనరాదు. అట్లే 'నేను సంతోషముగా ఉన్నాను' అనుటకు 'ఐ యామ్ హ్యాపీ' అనవలెను. 'ఐ యామ్ హ్యాపిలీ' అనుట తప్పు. 'ఆకలిగా ఉన్నది' అనుటకు 'ఐ యామ్ హంగ్రీ' అనవలెను.

'ఈజ్', 'యామ్', 'ఆర్', 'వాజ్', 'వర్' అనువాటి తరువాత మాత్రమే కాదు. 'సీమ్', 'బికమ్', 'లుక్', 'ఫీల్', 'టేస్ట్', 'స్మెల్', 'సౌండ్' మొదలగు క్రియల తరువాత కూడ, కర్తయొక్క గుణమును చెప్పదలచినపుడు విశేషణమునే వాడవలెను. 'పాలు పుల్లగా ఉన్నవి' అనుటకు 'ద మిల్క్ టేస్ట్స్ సోర్' అందురు గాని 'సోర్‌లీ' అనరు. 'ఈ పోచంపల్లి చీర అందముగా కనిపించుచున్నది' అనుటకు 'దిస్ పోచంపల్లి శారీ లుక్స్ బ్యూటిఫుల్' అనవలెను. చీర కన్నులు తెరచి అందముగా చూచుట లేదు గదా!

కాని అదే 'లుక్' అను క్రియ నిజముగా చూచుట అను పనిని తెలిపినపుడు దానికి క్రియావిశేషణము కావలెను. రంగు పోగులను సరిచూచుకొను నేతగానిని గురించి 'ద వీవర్ లుక్డ్ కేర్‌ఫుల్లీ ఎట్ ద థ్రెడ్' అని వ్రాయుదుము. ఇక్కడ శ్రద్ధ చూచుట అను పనిలో ఉన్నది.

ఈ రెంటిని వేరుచేయుటకు సులభమైన పరీక్ష కలదు. వాక్యములోని క్రియను తీసి, దాని స్థానమున 'ఈజ్' లేదా 'వాజ్' ఉంచి చూడవలెను. 'ద మిల్క్ ఈజ్ సోర్' అనిన అర్థము నిలుచుచున్నది. కనుక విశేషణము సరియైనది. 'ద వీవర్ వాజ్ ఎట్ ద థ్రెడ్' అనిన చూచుట అను అర్థమే పోయినది. కనుక అక్కడ క్రియావిశేషణము కావలెను.

ఉర్దూ విద్యార్థికి ఎదురగు చిక్కు: రెండు పనులు చేయు ఒకే పదము

ఉర్దూలో విశేషణము కొన్ని సందర్భములలో లింగవచనములను అనుసరించి మారును. 'అచ్ఛా లడ్కా', 'అచ్ఛీ లడ్కీ', 'అచ్ఛే లడ్కే' అని మూడు రూపములు. ఆంగ్లమున ఈ శ్రమ లేదు. 'గుడ్ బాయ్', 'గుడ్ గర్ల్', 'గుడ్ బాయ్స్' అని ఒక్కటే రూపము. తెలుగులో కూడ నామవాచకమునకు ముందున్న విశేషణము మారదు. మంచి బాలుడు, మంచి బాలిక, మంచి బాలురు అనియే అందుము. కనుక బహువచనము చూచి విశేషణమునకు 'ఎస్' అక్షరము చేర్చరాదు. 'అదర్ స్టూడెంట్స్' అనవలెను గాని 'అదర్స్ స్టూడెంట్స్' అనరాదు.

ఉర్దూ విద్యార్థికి అసలు చిక్కు వేరొకచోట ఉన్నది. 'అచ్ఛా' అను పదము 'అచ్ఛా లడ్కా' అన్నప్పుడు సిఫత్. 'వో అచ్ఛా గాతా హై' అన్నప్పుడు అదియే క్రియకు చెందినది. 'తేజ్ ఘోడా', 'తేజ్ దౌడ్తా హై' అను చోట్ల కూడ అంతే. ఈ అలవాటుచేత ఉర్దూ విద్యార్థి 'హి సింగ్స్ గుడ్' అని వ్రాయును. 'హి సింగ్స్ వెల్' అనవలెను. 'షి స్పీక్స్ సాఫ్ట్' అని వ్రాయును. 'షి స్పీక్స్ సాఫ్ట్‌లీ' అనవలెను.

ఇక్కడ 'వెల్' అను పదమును గురించి ఒక మాట. 'గుడ్' విశేషణము, 'వెల్' దానికి తగిన క్రియావిశేషణము. కాని ఆరోగ్యమును గురించి చెప్పునపుడు 'వెల్' విశేషణమగును. 'ఐ యామ్ వెల్' అనిన నేను ఆరోగ్యముగా ఉన్నానని అర్థము.

అయితే ఉర్దూ విద్యార్థికి ఆంగ్ల క్రియావిశేషణమును గ్రహించుటకు రెండు మంచి ఆధారములు తన భాషలోనే ఉన్నవి. మొదటిది 'సే' తో ఏర్పడు ప్రయోగములు. 'ఆసాన్' సిఫత్, 'ఆసానీ సే' ముతఅల్లిఖ్ ఫేల్. ఆంగ్లమున వీటికి 'ఈజీ', 'ఈజిలీ' సమానములు. రెండవది అరబ్బీనుండి వచ్చి 'అన్' తో ముగియు పదములు. 'ఫౌరన్' అనిన 'ఇమీడియట్‌లీ'. 'యకీనన్' అనిన 'సర్టెన్‌లీ'. 'తఖ్రీబన్' అనిన 'నియర్లీ'. ఉర్దూలో 'అన్' చేయు పనిని ఆంగ్లమున 'లీ' చేయుచున్నదని గ్రహించిన విద్యార్థి మరల తప్పడు.

'లీ' ఉన్నంతమాత్రమున

ఇక 'లీ' సంగతి చూతము. సాధారణముగా విశేషణమునకు 'లీ' చేర్చిన క్రియావిశేషణమగును. 'స్లో', 'స్లోలీ'. 'క్విక్', 'క్విక్‌లీ'. చివర హల్లు తరువాత 'వై' అక్షరమున్న చాలవరకు అది 'ఐ'గా మారును. 'హ్యాపీ' అను పదము 'హ్యాపిలీ' అగుట ఇందుచేతనే. 'ట్రూ' అను పదములో చివరి 'ఇ' అక్షరము పోయి 'ట్రూలీ' అగును. అయితే ఈ సూత్రమునకు మూడు అపవాదములు ఉన్నవి. వాటిని తెలియకున్న మొదట చెప్పిన బాలునివలె మోసపోవుదుము.

మొదటిది: 'లీ' తో ముగిసినను విశేషణములే అయినవి. 'ఫ్రెండ్లీ', 'లవ్లీ', 'లోన్లీ', 'కాస్ట్‌లీ', 'కవర్డ్‌లీ', 'ఎల్డర్‌లీ' అనునవి ఇట్టివి. 'ఆయన నాతో స్నేహముగా మాట్లాడినాడు' అనుటకు 'హి స్పోక్ టు మి ఫ్రెండ్లీ' అని వ్రాయరాదు. 'హి స్పోక్ టు మి ఇన్ ఎ ఫ్రెండ్లీ మానర్' అని వ్రాయవలెను.

రెండవది: రూపము మారకయే రెండు పనులు చేయునవి. 'ఫాస్ట్', 'హార్డ్', 'లేట్', 'ఎర్లీ', 'స్ట్రెయిట్', 'డెయిలీ', 'వీక్లీ' అనునవి ఇట్టివి. 'ఎ ఫాస్ట్ ట్రెయిన్' అన్నప్పుడు విశేషణము. 'ద ట్రెయిన్ రన్స్ ఫాస్ట్' అన్నప్పుడు క్రియావిశేషణము. 'ఫాస్ట్‌లీ' అను పదము ఆంగ్లమున వాడుకలో లేదు. ఉర్దూలోని 'తేజ్' అను పదమును తలచుకొన్నవారికి ఇది వింతగా తోచదు.

మూడవది, అన్నిటికంటె అపాయకరమైనది: 'లీ' చేరగానే అర్థమే మారిపోవునవి. 'హార్డ్' అనిన కష్టపడి, 'హార్డ్‌లీ' అనిన దాదాపు లేదు. 'లేట్' అనిన ఆలస్యముగా, 'లేట్‌లీ' అనిన ఇటీవల. 'నియర్' అనిన దగ్గరగా, 'నియర్లీ' అనిన దాదాపుగా. 'హై' అనిన ఎత్తుగా, 'హైలీ' అనిన మిక్కిలి. 'షార్ట్' అనిన పొట్టి, 'షార్ట్‌లీ' అనిన త్వరలో. 'బస్సు ఆలస్యముగా వచ్చినది' అనుటకు 'ద బస్ కేమ్ లేట్' అనవలెను. 'లేట్‌లీ' అని వ్రాసిన, చదువువారు ఇటీవలి సంగతి అనుకొందురు.

నల్లగొండ విద్యార్థులకు నీటి సమస్యను గురించి చెప్పనవసరము లేదు. ఆ జిల్లాలోని అనేక గ్రామములలో భూగర్భజలమున ఫ్లోరైడు మితిమీరి ఉండి, తరతరములుగా ప్రజల దంతములను, ఎముకలను పాడుచేసినది. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించినది. ఆ పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అను పేరు ప్రపంచ వైజ్ఞానిక గ్రంథములలో స్థిరపడినది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇట్టి విషయమును వ్రాయునపుడు 'ఫ్లోరైడ్ ఇన్ ఎక్సెస్ ఈజ్ హైలీ హార్మ్‌ఫుల్' అని వ్రాయవలెను. 'హార్మ్‌ఫుల్' విశేషణము, 'హైలీ' దాని తీవ్రతను తెలుపు ఆడ్వెర్బ్. 'హై హార్మ్‌ఫుల్' అనుట తప్పు. 'వి గెట్ హార్డ్ వాటర్' అనిన మాకు కఠినజలము దొరకుచున్నదని అర్థము. 'వి హార్డ్‌లీ గెట్ వాటర్' అనిన మాకు నీరే సరిగా దొరకుట లేదని అర్థము. మొదటిది నీటి గుణమును గురించిన ఫిర్యాదు, రెండవది నీటి కొరతను గురించిన ఫిర్యాదు. ఊరివారి తరఫున అర్జీ వ్రాయు చదువుకొన్న యువకుడు ఈ భేదమును ఎరిగి ఉండవలెను.

'ఓన్లీ' ఎక్కడ ఉంచవలెను?

అర్జీ మాట వచ్చినది గనుక 'ఓన్లీ' అను పదమును కూడ చూతము. ఇది వాక్యములో ఏ పదముప్రక్కన నిలిచిన ఆ పదమును పట్టుకొనును. 'ఓన్లీ దిస్ వెల్ గివ్స్ వాటర్ ఇన్ సమ్మర్' అనిన ఎండకాలమున ఈ బావి ఒక్కటే నీరిచ్చునని అర్థము. 'దిస్ వెల్ గివ్స్ వాటర్ ఓన్లీ ఇన్ సమ్మర్' అనిన ఈ బావి ఎండకాలమున మాత్రమే నీరిచ్చునని, మిగిలిన కాలమున ఇయ్యదని అర్థము. పదములు అవియే. స్థానము మారగానే ఊరి పరిస్థితియే మారిపోయినది.

తెలుగులో 'మాత్రమే' అనునది తాను పట్టుకొను పదమునకు తరువాత వచ్చును. ఉర్దూలో 'సిర్ఫ్' ముందు వచ్చును. వ్రాతలో ఆంగ్లపు 'ఓన్లీ' కూడ సాధారణముగా 'సిర్ఫ్' వలె ముందు నిలుచుట మేలు. ఈ విషయమున ఉర్దూ విద్యార్థికి కొంత సౌకర్యము ఉన్నది. తెలుగు విద్యార్థి 'నేను ఇక్కడనే ఉందును' అను మాటను 'ఐ లివ్ హియర్ ఓన్లీ' అని అనువదించును. మన ప్రాంతమున వాడుకలో ఇది వినిపించినను, పరీక్షాపత్రములో గాని ఉత్తరములో గాని వ్రాయదగినది కాదు.

ఇరువురికిని సమానమైన పొరపాట్లు

ఇప్పుడు తెలుగువారును ఉర్దూవారును కలిసి చేయు పొరపాట్లకు వత్తము. మన రెండు భాషలలోను విశేషణమును రెండుమారులు పలుకుట ఒక అందము. 'వేడివేడి చాయ్' అని ఒకరు, 'గరమ్ గరమ్ చాయ్' అని మరియొకరు అందురు. 'పెద్ద పెద్ద బండలు', 'బడే బడే పత్థర్'. 'వేరువేరు ఊళ్ళు', 'అలగ్ అలగ్ గావ్'. 'మెల్లమెల్లగా', 'ఆహిస్తా ఆహిస్తా'. ఈ విషయమున రెండు భాషలును అక్కచెల్లెండ్రవలె ఉన్నవి. కాని ఆంగ్లము ఈ ఆవృత్తిని సామాన్యముగా అంగీకరింపదు. 'డిఫరెంట్ డిఫరెంట్ విలేజెస్' అనరాదు. 'డిఫరెంట్ విలేజెస్' చాలును. 'బిగ్ బిగ్ రాక్స్' అనుటకు మారుగా 'హ్యూజ్ రాక్స్' అనవచ్చును. 'స్లోలీ స్లోలీ' అనుటకు మారుగా 'వెరీ స్లోలీ' అని గాని, క్రమక్రమముగా అను అర్థమున 'గ్రాడ్యువల్లీ' అని గాని అనవచ్చును.

రెండవ పొరపాటు 'టూ' అను పదము. 'ఈ పుస్తకము చాలా బాగున్నది' లేదా 'యే కితాబ్ బహుత్ అచ్ఛీ హై' అనుటకు 'దిస్ బుక్ ఈజ్ టూ గుడ్' అని వ్రాయుదురు. 'టూ' అనిన తగినదానికంటె ఎక్కువ అని అర్థము. 'ద టీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్' అనిన త్రాగలేనంత వేడిగా ఉన్నదని భావము. మెచ్చుకొనుటకు 'వెరీ గుడ్' అనవలెను.

మూడవది తరతమభావము. తెలుగులో 'కృష్ణ మూసీ కంటె పెద్దది' అందుము. ఉర్దూలో 'క్రిష్ణా మూసీ సే బడీ హై' అందురు. రెండు భాషలలోను విశేషణము మారలేదు. పోలికను 'కంటె', 'సే' అనునవే తెలిపినవి. కనుక మనవారు 'క్రిష్ణా ఈజ్ బిగ్ దాన్ మూసీ' అని వ్రాయుదురు. ఆంగ్లమున 'బిగ్గర్ దాన్' అనవలెను. అయితే ఉర్దూలో ఫారసీనుండి వచ్చిన 'బెహ్తర్', 'బెహ్తరీన్' అను పదములు కలవు. 'తర్', 'తరీన్' అనునవి ఆంగ్లములోని 'ఎర్', 'ఎస్ట్' చేయు పనినే చేయును. 'బెహ్తర్' అను పదమునకును ఆంగ్లములోని 'బెటర్' అను పదమునకును ధ్వనిలోను అర్థములోను ఉన్న పోలిక యాదృచ్ఛికమే అయినను, జ్ఞాపకము ఉంచుకొనుటకు ఎంతో ఉపకరించును. 'జ్యాదా బెహ్తర్' అనుట ఎట్లు అనావశ్యకమో, 'మోర్ బెటర్' అనుటయు అట్లే.

స్థానక్రమము: అద్దములోని ప్రతిబింబము

సరియైన పదమును ఎన్నుకొన్న తరువాత దానిని సరియైన చోట ఉంచవలెను. మన రెండు భాషలలోను క్రియ వాక్యాంతమున ఉండును. క్రియావిశేషణము దానికి ముందు వచ్చును. 'ఆయన నిన్న నల్లగొండలో బాగుగా మాట్లాడినారు' అను వాక్యమును చూడుడు. మొదట కాలము, తరువాత స్థలము, తరువాత రీతి, చివర క్రియ. ఆంగ్లమున ఇది తలక్రిందులగును. 'హి స్పోక్ వెల్ ఇన్ నల్గొండ యెస్టర్డే.' మొదట క్రియ, తరువాత రీతి, పిదప స్థలము, చివర కాలము. తెలుగు వాక్యమును అద్దములో చూచినట్లు ఉండును. ఈ ఒక్క పోలికను గుర్తుంచుకొన్న చాలు, పదక్రమములో సగము తప్పులు తొలగిపోవును.

క్రియకును కర్మకును నడుమ రీతిని తెలుపు పదమును చొప్పించరాదు. 'షి స్పీక్స్ ఫ్లూయెంట్‌లీ ఇంగ్లీష్' అనుట తప్పు. 'షి స్పీక్స్ ఇంగ్లీష్ ఫ్లూయెంట్‌లీ' అనుట ఒప్పు. 'ఆల్వేస్', 'ఆఫన్', 'నెవర్' అను పదములు ప్రధానక్రియకు ముందు వచ్చును. 'హి ఆల్వేస్ కమ్స్ ఎర్లీ' అనవలెను. కాని 'ఈజ్' మొదలగువాటికి తరువాత వచ్చును. 'హి ఈజ్ ఆల్వేస్ ఎర్లీ' అనవలెను.

అభ్యాసము

ఈ క్రింది వాక్యములను మొదట మీరే సరిదిద్దుకొని, పిదప సమాధానములు చూడుడు.

1. ద మ్యాంగో స్మెల్స్ స్వీట్‌లీ.
2. ద చిల్డ్రన్ ఆన్సర్డ్ కరెక్ట్.
3. ఐ స్టడీడ్ హార్డ్‌లీ ఫర్ ద ఎగ్జామినేషన్.
4. వి విజిటెడ్ ఓల్డ్ ఓల్డ్ టెంపుల్స్ ఎట్ అలంపూర్.
5. హి రోట్ యెస్టర్డే నీట్‌లీ ద లెటర్.

సమాధానములు: మొదటిదానిలో 'స్వీట్' అనవలెను, తీపి వాసన మామిడిపండుది. రెండవదానిలో 'కరెక్ట్‌లీ' అనవలెను, ఒప్పు అగుట సమాధానము చెప్పుటలో ఉన్నది. మూడవదానిలో 'హార్డ్' అనవలెను, లేనిచో చదువలేదని మీరే ఒప్పుకొన్నట్లగును. నాల్గవదానిలో 'ఓల్డ్' ఒక్కమారు చాలును, కావలెనన్న 'వెరీ ఓల్డ్' అనవచ్చును. అయిదవదానిని 'హి రోట్ ద లెటర్ నీట్‌లీ యెస్టర్డే' అని దిద్దవలెను.

ముగింపు

మన ప్రాంతమునకు భాషలు క్రొత్త కావు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆనాడు శాస్త్రములన్నియు ఉర్దూలోనే బోధింపబడినవి. ఆంగ్లము తప్పనిసరి పాఠ్యభాషగా ఉండినది. ఆంగ్లబోధనను మెరుగుపరచుటకు 1958లో హైదరాబాదున ఒక కేంద్రసంస్థయే వెలసినది. అదియే 2007లో విశ్వవిద్యాలయమైనది. అటు తెలుగు నేర్చుకొన్న ఆంగ్లేయులు కూడ ఊరకుండలేదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1840లోను, ఆర్డెన్ 1873లోను ఆంగ్లమున తెలుగు వ్యాకరణములను రచించి, తమ భాష ద్వారా మన భాషను చేరుకొన్నారు. మనమును అదే మార్గమున, మన భాషల ద్వారా వారి భాషను చేరుకొనవచ్చును.

ఈ సందర్భమున కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న విన్నపము. వారమునకు ఒక గంట ఒక తెలుగు విద్యార్థిని, ఒక ఉర్దూ విద్యార్థిని జతగా కూర్చుండబెట్టి ఒకరి ఆంగ్లవ్రాతను మరియొకరు దిద్దునట్లు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాను. 'లుక్స్ బ్యూటిఫుల్లీ' అని తెలుగువాడు వ్రాసిన ఉర్దూవానికి అది వెంటనే ఎబ్బెట్టుగా తోచును. 'సింగ్స్ గుడ్' అని ఉర్దూవాడు వ్రాసిన తెలుగువాడు వెంటనే పట్టుకొనును. ఒకని భాషలోని లోటును మరియొకని భాష పూరించును. దీనికి ఖర్చు ఏమియు లేదు. రెండు భాషల విద్యార్థులు ఒకేచోట చదువు మనవంటి కళాశాలకే ఈ సౌకర్యము ఉన్నది.

చివరకు ఆ పాలమూరు బాలుని సంగతి. పత్రము తిరిగి ఇచ్చునపుడు అతనిని పిలిచి, తాను వ్రాసిన వాక్యమునకు అర్థమేమో చెప్పినాను. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిదప కలము తీసి, ఆ 'లీ' మీద రెండు గీతలు గీసి, నాకు చూపినాడు. 'మై ఫాదర్ వర్క్స్ హార్డ్.' నేను దానికి పూర్తి మార్కులు వేసినాను. ఆ తండ్రి శ్రమకు తగిన వాక్యము అది.